కొండ పొగ, బోరు ఆవిరి, భూమి కుదుపు: అగ్నిపర్వతం భయం పట్టుకున్న ఒక ఊరి కేస్ స్టడీ

గ్రామాల్లో విపత్తు సంసిద్ధత శిక్షణ ఇచ్చే కార్యకర్తలకు, బడి పంతుళ్ళకు, సచివాలయ సిబ్బందికి పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. నా వృత్తి భూగర్భ జలాల సర్వే. బోర్ల కోసం రాయి స్వభావం చూడటం, నీటిమట్టాలు కొలవడం రోజువారీ పని. దానితో పాటు ఒక స్వచ్ఛంద బృందంతో కలిసి భూకంప జాగ్రత్తలు చెబుతుంటాను. ఊరి పేరు, మండలం, ఏడాది ఇవ్వడం లేదు. మనుషుల వివరాలు గుర్తుపట్టే వీలు లేకుండా మార్చాను.

నేపథ్యం

పశ్చిమ ప్రకాశంలో మెట్ట ఊరు. కంది, మిరప, కాస్త పత్తి. చెరువు నిండే ఏళ్ళు తక్కువ కాబట్టి బతుకంతా లోతు బోర్ల మీదే. ఊరికి పడమట రాతి కొండ, దాని వెనక ఎండిన కుంట. కొన్ని కిలోమీటర్ల దూరంలో గ్రానైట్ క్వారీ. ఇళ్ళలో సగానికి పైగా బండరాళ్ళను మట్టితో పేర్చి కట్టినవి. కొన్నిటికి మిద్దె, కొన్నిటికి రేకులు. గాలికి లేచిపోకుండా రేకుల మీద పెద్ద పెద్ద రాళ్ళు పెట్టి ఉంటాయి. ఈ రాళ్ళ సంగతి తర్వాత వస్తుంది.

భూమి కదలడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో వచ్చిన కుదుపు చాలా తెలుగు జిల్లాల్లో తెలిసింది. అదే నెలలో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరస రోజుల్లో చిన్న ప్రకంపనలు వచ్చి జనం వీధుల్లోకి పరుగెత్తారు. ఈ కేసులోని ఊరు ఆ వార్తల్లో కనిపించినది కాదు. కానీ పరిస్థితి అలాంటిదే: చలికాలంలో కొన్ని వారాల పాటు ఆగి ఆగి కుదుపులు, వాటితో పాటు భూమిలోంచి 'ఢాం' అనే చప్పుడు.

మాకు చెప్పిన సమస్య

మమ్మల్ని పిలిచినవారు బడి ప్రధానోపాధ్యాయులు. పిల్లలు సగం మంది రావడం లేదని, ఊరు ఖాళీ అవుతోందని చెప్పారు. వెళ్ళి చూస్తే అంత పనీ జరుగుతోంది. కొన్ని కుటుంబాలు తాళాలు వేసి ఒంగోలుకో, బంధువుల ఊళ్ళకో వెళ్ళిపోయాయి. నెలలు నిండిన కోడలిని ఒక ఇంటివాళ్ళు ఆటోలో అరవై కిలోమీటర్లు పంపించేశారు. పాడి గేదెలను బేరగాళ్ళు వచ్చి సగం ధరకు తోలుకుపోతున్నారు. ఉన్నవాళ్ళు చలిలో, మంచులో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకుంటున్నారు. ముసలివాళ్ళకు ఆయాసం, పసిపిల్లలకు జలుబు.

వాళ్ళ భయం భూకంపం గురించి కాదు. కొండలో అగ్నిపర్వతం ఉందని, అది పేలబోతోందని. దానికి వాళ్ళ దగ్గర మూడు ఆధారాలున్నాయి. ఒకటి, తెల్లవారుజామున కొండ వెనక నుంచి పొగ లేస్తోంది. రెండు, కొండ పక్క పొలంలోని బోరులో నీళ్ళు వెచ్చగా వస్తున్నాయి, పొద్దున పూట ఆవిరి కనిపిస్తోంది. మూడు, భూమి కదులుతోంది, లోపల ఏదో పేలినట్టు చప్పుడవుతోంది. వీటికి తోడు ఒక కుర్రవాడి ఫోనులో స్పెయిన్‌కు చెందిన లా పాల్మా దీవి వీడియో. అక్కడ 2021 సెప్టెంబరులో వారం రోజుల పాటు చిన్న చిన్న ప్రకంపనలు వరసగా వచ్చాయి, 19వ తేదీన నేల చీలి లావా పొంగింది. మూడు నెలలకు దగ్గరగా సాగిన ఆ విస్ఫోటంలో వేల మంది ఇళ్ళు వదిలారు, ఊళ్ళకు ఊళ్ళే లావా కింద కప్పుకుపోయాయి. ఆ వీడియోలో అబద్ధం ఏమీ లేదు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఈ ఊరివాళ్ళది మూఢనమ్మకమని మాతో అన్నవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. పొగ, వేడి నీళ్ళు, వరస ప్రకంపనలు: అగ్నిపర్వత శాస్త్రజ్ఞులు ఎక్కడైనా మొదట వెతికేవి ఇవే. ఊరివాళ్ళు చూసింది నిజమే, కూర్చిన తీరూ సబబే. ఆ మూడింటికీ విడివిడి కారణాలున్నాయన్న సంగతి ఒక్కటే వాళ్ళకు తెలియదు. కేసు మొత్తంలో మా నిర్ణయాలన్నీ ఈ అంచనా మీదే నడిచాయి.

అప్పటికే ప్రయత్నించినవి, అవి ఎందుకు పారలేదు

మేం వెళ్ళేటప్పటికే ఆటోకు మైకు కట్టి ప్రచారం చేశారు: వదంతులు నమ్మవద్దు, ఏ ప్రమాదమూ లేదు, ఇళ్ళలోనే పడుకోండి. ఆ రాత్రే మళ్ళీ కుదుపు వచ్చింది. ఒక ఇంటి గోడ మూల నుంచి రెండు రాళ్ళు జారాయి. దాంతో ఆ మైకు మాటకే కాక, ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా విలువ లేకుండా పోయింది.

బడిలో ఒక అవగాహన సభ కూడా జరిగింది. బయటి నుంచి వచ్చిన వక్త నిజమైన అగ్నిపర్వతం ఎలా ఉంటుందో చూడండి, మన కొండ అలా ఉందా అని తెర మీద బొమ్మలు వేసి చూపించారు. ఉద్దేశం మంచిదే. కానీ పిల్లల మనసులో మిగిలింది ఎర్రటి లావా ఒక్కటే. మర్నాడు నుంచి హాజరు ఇంకా తగ్గిందని ప్రధానోపాధ్యాయులు చెప్పారు.

మా బృందం తరఫున వాట్సాప్‌లో ఒక వివరణ పంపాం. అగ్నిపర్వతాలు ఎక్కువగా భూఫలకాల (భూమి పైపొరలోని పెద్ద పెద్ద రాతి పలకల) అంచుల్లో, లేదా లోతు నుంచి వేడి రాయి ఉబికే చోట్లలో ఉంటాయి, మనం ఫలకం మధ్యలో ఉన్నాం, దేశంలో క్రియాశీలంగా ఉన్న అగ్నిపర్వతం ఒక్క అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి మాత్రమే, అక్కడ మనుషులు ఉండరు అని. ప్రతి ముక్కా నిజం. చదివినవాళ్ళు మాత్రం "మరి మన పొగ సంగతి?" అని అడిగారు. సందేశంలో దానికి జవాబు లేదు.

దేన్ని నమ్మమని అడగాలి

ఇక్కడే మా బృందంలో పెద్ద చర్చ నడిచింది. అగ్నిపర్వతం లేదని నాకు పూర్తి నమ్మకం ఉంది. ఈ ప్రాంతపు శిలలు కోట్ల ఏళ్ళ కిందటే చల్లబడ్డాయి. తెలుగు నేల మీద లావా పరుచుకున్న ఆనవాళ్ళు రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి వైపు ఉన్నాయి. అవీ 6 కోట్ల ఏళ్ళకు పైబడ్డవే. కానీ భూకంప ప్రమాదం లేదని చెప్పే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. మహారాష్ట్రలోని కిల్లారిలో 1992లో ఇలాగే చిన్న ప్రకంపనలు వరసగా వచ్చి ఆగాయి. మరుసటి ఏడాది సెప్టెంబరు 30 తెల్లవారుజామున పెద్దది వచ్చి వేల మందిని చంపింది. అక్కడివీ మట్టితో పేర్చిన రాతి గోడలే. అంతవరకు ఆ ప్రాంతాన్ని భూకంప ప్రమాదం అతి తక్కువ ఉన్న జోన్‌గా లెక్కవేశారు. చాలా చోట్ల వరస ప్రకంపనలు వాటంతటవే సద్దుమణుగుతాయన్నదీ నిజమే. రెండూ చెప్పాలి.

అగ్నిపర్వతాల చరిత్రలోనే మాకు ఈ చిక్కుకు రెండు కొసలు దొరికాయి. కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ 1985 నవంబరు 13న పేలినప్పుడు శిఖరం మీది మంచు కరిగి బురద ప్రవాహమై అర్మేరో పట్టణాన్ని ముంచేసింది. ఆ ఘోరంలో దాదాపు 23,000 మంది పోయారు. ప్రమాద పటం అప్పటికే తయారై ఉంది. అయినా ఆ సాయంత్రం జనానికి అందింది కంగారు పడవద్దన్న మాట. దీనికి ఎదురుగా ఫ్రెంచి దీవి గ్వాడెలూప్. 1976లో అక్కడి లా సూఫ్రియేర్ కొండ పొగలు కక్కితే 70,000 మందికి పైగా జనాన్ని నెలల తరబడి ఊళ్ళు దాటించి ఉంచారు. అనుకున్న పెద్ద విస్ఫోటం రాలేదు. పొలాలు, వ్యాపారాలు, చదువులు చితికిపోయాయి. ఊరికే ధైర్యం చెప్పినా ప్రాణాలు పోవచ్చు, ఊరికే పరుగెత్తించినా బతుకులు పోవచ్చు. మన ఊళ్ళో గేదెల బేరగాళ్ళ రాక ఆ రెండో రకం నష్టానికి మొదలు.

అందుకే రెండు భయాలను విడదీయాలని నిర్ణయించుకున్నాం. కొండ గురించిన భయాన్ని ఊరివాళ్ళే స్వయంగా పరీక్షించి తేల్చుకోవాలి. ఇంటి గోడ గురించిన భయాన్ని మాత్రం ఉంచాలి, దాన్ని పనిలోకి మళ్ళించాలి. మా మాట మీద నమ్మకం ఉంచమని ఎవరినీ అడగకూడదు.

పొగ

మొదట పొగతోనే మొదలుపెట్టాం. పొగను మొదట చూసిన ఇద్దరు మేకల కాపరులు, వాళ్ళకు తోడు ఊళ్ళో మాట చెల్లే ఒక అవ్వ ఉన్నారు. వాళ్ళను మాతో రమ్మన్నాం. కొండ వెనక కుంటలో ఏముందో నాకు ముందే అనుమానం ఉంది. మా బృందంలో ఒకరు ముందుగా ఒంటరిగా వెళ్ళి చూసివచ్చారు. అనుకున్నట్టే బొగ్గు బట్టీలు. కుంట నిండా పెరిగిన సర్కారు తుమ్మను ఒక మేస్త్రి గుత్తకు తీసుకుని కొట్టిస్తున్నాడు. నాలుగైదు యానాది కుటుంబాలు అక్కడే గుడిసెలు వేసుకుని బొగ్గు కాలుస్తున్నాయి.

విషయం తెలిసిన వెంటనే ఊళ్ళో చెప్పేస్తే పని సులువుగా అయిపోయేది. చెప్పలేదు. వారాల తరబడి నిద్ర లేని ఊరికి ఇదంతా మీ వల్లేనని చూపించడానికి అందరికన్నా బలహీనులు దొరికినట్టవుతుంది. గేదెలు అమ్ముకుని నష్టపోయినవాళ్ళ కోపం ఆ గుడిసెల మీద పడే ప్రమాదం ఉంది. కాబట్టి ముందు యానాదుల పెద్దతో మాట్లాడాం. ఊళ్ళో ఏమనుకుంటున్నారో ఆయనకు తెలియదు. విని ఆయనే భయపడ్డాడు. "మేం దాచి చేసే పని కాదు సామీ, రమ్మనండి, చూపిస్తాం" అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున అందరం కలిసి వెళ్ళాం. కట్టెలు గోపురంలా పేర్చి, పైన గడ్డి, ఆకు కప్పి, మట్టి మెత్తిన బట్టీ. అడుగున చిన్న చిన్న కన్నాలు. ఆయన ఒక కన్నం మూసి ఇంకొకటి తెరిచి చూపించాడు. పచ్చి తేమ పోయే దాకా తెల్లగా దట్టంగా వస్తుందని, కట్టె బొగ్గవుతున్నప్పుడు పొగ పలచబడి నీలం తిరుగుతుందని, అప్పుడు కన్నాలన్నీ మూసెయ్యాలని చెప్పాడు. చలికాలం తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి పొగ పైకి పోలేక కొండ వాలునే పట్టుకుని పాకుతుంది. ఊరి నుంచి చూస్తే కొండే పొగ వదులుతున్నట్టు ఉంటుంది. అవ్వ చాలాసేపు చూసింది. తర్వాత ఆయన భార్యను అడిగింది: "అమ్మాయ్, ఈ చలిలో మీరు పిల్లలతో ఇక్కడే పడుకుంటున్నారా?" తిరిగి వచ్చాక ఊళ్ళో ఆ పొగ గురించి చెప్పింది ఆమే. మేం ఒక్క మాటా మాట్లాడలేదు. యానాదుల మీద ఎవరూ గొడవకు పోలేదు.

వెచ్చని నీళ్ళు

నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి దీన్ని కాస్త వివరంగా రాస్తాను. ఆ బోరు లోతు 700 అడుగులు. భూమిలోకి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. మన ద్వీపకల్పపు గట్టి శిలల్లో కిలోమీటరుకు 20 డిగ్రీలకు అటూ ఇటూ పెరుగుదల ఉంటుంది. 700 అడుగులంటే సుమారు 213 మీటర్లు, అంటే నాలుగు డిగ్రీల పైచిలుకు. పై పొరల్లోని నీటికే ఏడాది పొడుగునా ముప్పై డిగ్రీలకు దగ్గరగా వేడి ఉంటుంది. కాబట్టి బోరు నీళ్ళు ముప్పై నాలుగు చూపిస్తే అందులో వింత లేదు. వేసవిలో అదే నీరు చల్లగా అనిపిస్తుంది. బయట పద్దెనిమిది డిగ్రీల చలి ఉన్నప్పుడు చెయ్యి పెడితే కాచినట్టు ఉంటుంది, ఆవిరీ కనిపిస్తుంది.

ఇదంతా సభలో చెప్పలేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు రెండు థర్మామీటర్లు ఇచ్చి, ఊళ్ళోని వేరే వేరే లోతుల బోర్లు, ఒక దిగుడు బావి కొలవమన్నాం. మోటారు వేసి కాసేపు నీరు పోనిచ్చాక స్టీలు బిందెలో పట్టి కొలవాలని, గాలి వేడి కూడా పక్కనే రాయాలని చెప్పాం. వాళ్ళు గీసిన పట్టికలో లోతు పెరిగేకొద్దీ వేడి పెరగడం స్పష్టంగా కనబడింది. కొండకు దూరంగా, ఊరికి తూర్పున ఉన్న ఇంకో లోతు బోరు కూడా దాదాపు అంతే వేడి చూపించింది. నిజానికి ఊరివాళ్ళను ఒప్పించింది ఆ తూర్పు బోరే. కొండే కారణమైతే తూర్పున ఎందుకు వెచ్చగా ఉంటుందని పిల్లలే అడగడం మొదలుపెట్టారు. రోజులు గడిచినా అంకెలు పెరగలేదు. అగ్నిపర్వతం మేల్కొనే చోట నీటి వేడి మారుతూ పోతుందని అప్పుడు చెప్పాం.

చప్పుడు, కుదుపు

చప్పుడు విషయంలో నోటు పుస్తకం పెట్టాం. ఒక పదో తరగతి అమ్మాయి దాని బాధ్యత తీసుకుంది. టైము, ఎంతసేపు, చప్పుడు ముందా కుదుపు ముందా, పాత్రలు కదిలాయా అని నాలుగు గడులు. కొద్దిరోజుల్లోనే రెండు రకాలు విడిపోయాయి. మధ్యాహ్నం ఒక వేళకే వచ్చేవి క్వారీ పేలుళ్ళు. వేళాపాళా లేకుండా వచ్చేవి ప్రకంపనలు. తక్కువ లోతులో రాయి చిట్లితే ఆ అదురు నేల మీదకు వచ్చి గాలిలో చప్పుడుగా వినిపిస్తుంది. లోతు తక్కువ కాబట్టే చిన్న తీవ్రతకే అంత మోత. ఫలకం మధ్యలో ఉన్నా పాత పగుళ్ళ మీద ఒత్తిడి పేరుకుంటూనే ఉంటుంది, అది అప్పుడప్పుడు ఇలా విడుదలవుతుంది.

"మరి లోపల లావా లేదా?" అన్న ప్రశ్నకు జవాబుగా చీమకుర్తి గ్యాలక్సీ గ్రానైటు ముక్క ఒకటి చేతికిచ్చాను. ప్రకాశం జిల్లాలో ఆ నల్లరాయి తెలియనివారు లేరు. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజం. ఒకప్పుడు కరిగిన రాయే అది. పైకి పొంగకుండా లోతులోనే మెల్లగా చల్లబడింది కాబట్టే స్ఫటికాలు అంత పెద్దవిగా పెరిగాయి. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన ముచ్చట. మన కింద శిలాద్రవం ఒకప్పుడు ఉంది, అది గట్టిపడి ఇప్పుడు లారీల్లో ఎగుమతి అవుతోంది. ఆ ముక్క చేతులు మారుతూ వీధంతా తిరిగింది.

గోడలు, రేకులు

ఈ పనిని మేం చివరికి వాయిదా వేయలేదు. మొదటి సాయంత్రం నుంచే పొగ పరీక్షతో సమాంతరంగా నడిపాం. ఎందుకంటే ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్న రేపటి దాకా ఆగదు. ఇల్లిల్లూ తిరిగి ఒక్కటే చూశాం: కుదుపు వస్తే నిద్రపోతున్నవాళ్ళ మీద ఏం పడుతుంది? చాలా ఇళ్ళలో జవాబు రేకుల మీది రాళ్ళు. తర్వాత అటక మీది ఇత్తడి సామాను, మూల విచ్చుకున్న రాతి గోడ. రాళ్ళు దించి, రేకులను కొక్కీలతో వాసాలకు బిగించే పని ఊరి వడ్రంగి చేశాడు. మంచాలు గోడ మూలల నుంచి జరిపాం. పగుళ్ళు లోపలికి దిగిన ఇళ్ళవాళ్ళను మాత్రం లోపల పడుకోవద్దని సూటిగా చెప్పాం. వాళ్ళకు బడి వరండా తెరిచారు. అందరినీ లోపల పడుకోమన్న మైకు మాటకు, అందరూ బయట పడుకుంటున్న భయానికి మధ్య ఇంటింటికీ వేరే సమాధానం ఉండటం జనానికి నచ్చింది. ఒక పెద్దాయన, "మా ఇల్లు మంచిది కాదని చెప్పినందుకు మిగతా మాటలు నమ్ముతున్నాను" అన్నారు. మా పద్ధతికి అంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నాకు దొరకలేదు.

1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలినప్పుడు కూడా ముందే వేల మందిని తరలించి కాపాడగలిగారు. పోయినవారిలో చాలామంది తడిసిన బూడిద బరువుకు కూలిన పైకప్పుల కింద పోయారు. అదే సమయంలో తుఫాను రావడంతో బూడిద వానకు నాని బరువెక్కింది. కీడు భూమిలో పుట్టినా మనిషిని చంపేది సాధారణంగా ఇంటి కప్పో, గోడో. మేస్త్రీలతో మాట్లాడేటప్పుడు ఈ ఉదాహరణ చాలా ఉపయోగపడింది.

ఫలితం, నేర్చుకున్నవి

నెల తిరిగేసరికి బడి హాజరు మామూలయింది. వెళ్ళిన కుటుంబాల్లో చాలా వరకు తిరిగి వచ్చాయి. గేదెలు మాత్రం తిరిగి రాలేదు. ఆ నష్టానికి పరిహారం ఏ పద్దులోనూ లేదు. అందుకే ఇలాంటి ఊరికి వెళ్ళేవారు మొదటి రోజే పాడి పశువుల బేరాలను ఆపించే ప్రయత్నం చేయాలి. పశువైద్య సిబ్బంది, పాల కేంద్రం నడిపేవారు ఆ మాట చెబితే వింటారు. మేం చేరేసరికే చాలా కొట్టాలు ఖాళీ అయ్యాయి.

వివరణల క్రమం కూడా ముఖ్యమని ఈ కేసులో తెలిసింది. భూఫలకాల పాఠం మొదట చెబితే ఎవరికీ ఎక్కలేదు. పొగ, నీళ్ళు, చప్పుడు తేలిపోయాక అదే పాఠాన్ని అడిగి చెప్పించుకున్నారు. వీడియో చూపించిన కుర్రవాడిని ఎవరూ మందలించకుండా చూశాం. థర్మామీటర్ల జట్టులో అతన్నీ చేర్చాం. తర్వాత పట్టికను ఫోనులో పక్క ఊళ్ళకు పంపింది అతనే.

కుదుపులు పూర్తిగా ఆగలేదు, తగ్గాయి. నోటు పుస్తకం నడుస్తోంది. మిగిలిన పని గోడలది. రాతి గోడలో లోపలి వరస, బయటి వరస విడిపోకుండా రెండడుగులకు ఒకటి చొప్పున గోడ మందమంతా పట్టే పొడవు రాయి పెట్టాలని, తలుపుల పైన ఇంటి చుట్టూ తిరిగేలా కాంక్రీటు పట్టీ వేయాలని ఊరి మేస్త్రీలతో మాట్లాడాం. కొత్తగా కట్టే ఇళ్ళకు ఒప్పుకున్నారు. పాత ఇళ్ళకు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది తేలలేదు. గృహ నిర్మాణ పథకంలో మరమ్మతులకు చోటు కల్పించమని అర్జీ పెట్టించాం. పగుళ్ళు దిగిన ఇళ్ళ జాబితా, ఫోటోలతో సహా, సచివాలయంలో ఉంది. ఆ ఇళ్ళలో ఇప్పటికీ మనుషులు నిద్రపోతున్నారు.